మొదటి కరాటే పోటీ: మ్యాట్ ఎక్కేదాకా ఏమి చేయాలి

పాలకొల్లులో ఒక అద్దె హాల్లో కరాటే నేర్పుతాను. కొత్తవాళ్లను పోటీకి తీసుకెళ్లే ముందు పంచ్‌ల గురించి తక్కువ, ఎదురుచూడడం గురించి ఎక్కువ చెబుతాను. 14 ఏళ్లలోపు పిల్లలకు కుమితే, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే ఆట, ఒకటిన్నర నిమిషం, పెద్దలకు 3 నిమిషాలు. హాల్లో కూర్చోవడం మాత్రం పొద్దుటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా.

పేరు ఇచ్చేటప్పుడే ఏ నిబంధనలతో ఆడిస్తారో, మీ వయసు, బరువు ఏ విభాగంలోకి వస్తాయో అడగండి. ఆధార్, పుట్టిన తేదీ పత్రం నకళ్లు సంచిలో ఉండాలి. గ్లవ్స్, షిన్ గార్డు, పళ్లకు గమ్‌షీల్డు సొంతవే కొనుక్కోండి. ఒకరి నోట్లోది మరొకరు పెట్టుకోవడం నేను ఒప్పుకోను. ఎరుపు, నీలం బెల్టులు రెండూ తీసుకెళ్లండి, ఆటలో ఒకరు ఎరుపు, మరొకరు నీలం కట్టుకోవాలి, మీకు ఏ రంగు పడుతుందో ముందుగా తెలియదు. మన గోదావరి ఉక్కకు డ్రెస్ మధ్యాహ్నానికే తడిసి ఒంటికి అతుక్కుంటుంది కాబట్టి రెండో జత తప్పనిసరి. గోళ్లు ముందురోజే తీయండి. చెవిపోగులు, ముక్కుపుడక, జడలో ఇనుప పిన్నులు, మొలతాడుకు కట్టిన తాయెత్తు అన్నీ ఇంట్లోనే వదిలేయండి. తాయెత్తు దగ్గర ప్రతిసారీ అమ్మమ్మలతో వాదన తప్పదు. నేను తగ్గను.

పోటీ రాజమండ్రిలో అయితే మార్టేరు, సిద్ధాంతం వంతెన, రావులపాలెం మీదుగా వెళ్లాలి. బరువు తూచే వేళకు చేరేలా తొలి బస్సు ఎక్కండి. రెండు ఇడ్లీలు చాలు. పెసరట్టు ఉప్మా ఆ రోజుకు వద్దు. హాల్లో అరటిపండు, కొబ్బరిబొండం, కొంచెం కొంచెంగా నీళ్లు. పూతరేకులు తెచ్చే మేనత్తలు ప్రతి జట్టుకూ ఉంటారు. ఆట అయ్యాక తింటామని చెప్పి డబ్బా నాకివ్వండి.

అక్కడ గోడకు అంటించిన డ్రాలో మీ పేరు, మ్యాట్ నంబరు చూసుకోండి. మైకులో పేర్లు ఒక పట్టాన అర్థం కావు, అందుకే మ్యాట్ పక్కనే ఉండండి. మీకన్నా ముందున్న విభాగం మొదలైనప్పుడు ఒళ్లు వేడెక్కించండి. పొద్దున్నే ఎగిరి ఎగిరి అలసిపోయేవాళ్లు మధ్యాహ్నం పేరు పిలిచేసరికి చల్లబడి ఉంటారు.

కతాలో, అంటే ఒక్కరే వరుస కదలికలు చేసి చూపే విభాగంలో, మీకు బాగా వచ్చినదే చేయండి. గట్టిగా చేసిన హీయాన్ నిదాన్ లాంటి తొలిదశ కతా ముందు తడబడుతూ చేసిన పెద్ద కతా నిలవదు.

కుమితేలో వరల్డ్ కరాటే ఫెడరేషన్ లెక్క ఇది: పంచ్‌కు 1 పాయింటు, పొట్ట మీద కిక్‌కు 2, తల మీద కిక్‌కు 3. ఎనిమిది పాయింట్ల తేడా వస్తే ఆట అక్కడితో ముగుస్తుంది. ఆ మూడు పాయింట్ల ఆశతో మొదటిసారి ఆడేవాళ్లు కాలు పైకి లేపి పట్టు తప్పుతారు. గ్యాకు జుకి, అంటే వెనక చేతి పంచ్, నమ్ముకోండి. కొట్టి వెంటనే చేయి వెనక్కి లాగండి. ముఖానికి గట్టిగా తగిలితే పాయింటు రాకపోగా హెచ్చరిక పడుతుంది. గీత దాటినా అంతే. స్కోరు సమమైతే సెన్షు, అంటే ఎదుటివారికన్నా ముందు పాయింటు తీసినవారి ఆధిక్యం, నిర్ణయిస్తుంది. కాబట్టి తొలి అర నిమిషం నిద్రపోవద్దు.

గ్యాలరీలో మేనమామలు “కొట్టరా!” అని అరుస్తారు. దసరాకు అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా కర్రసాము, కత్తిసాము ప్రదర్శనలు చూసి పెరిగినవారికి ఆ ఊపు సహజమే. మీరు వినవలసింది మాత్రం రిఫరీ గొంతే. “హజిమే” అంటే మొదలు, “యమే” అంటే ఆగాలి. యమే తరువాత వేసిన దెబ్బ ఎంత అందంగా ఉన్నా తప్పే.

ఓడిపోతే వంగి నమస్కరించి మ్యాట్ దిగండి కానీ డ్రెస్ విప్పి బస్‌స్టాండుకు పరుగెత్తకండి. మిమ్మల్ని ఓడించినవారు ఫైనల్‌కు చేరితే రెపెచాజ్‌లో కంచు పతకానికి ఆడే అవకాశం వస్తుంది. చిన్న పోటీల్లో అది అన్నిచోట్లా ఉండదు. మ్యాట్ పక్క బల్ల దగ్గర అడిగి తెలుసుకుని, ఉందంటే గ్లవ్స్ ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చోండి.