వానలు తెరిపిచ్చాక పిడుదులు ఏరడానికి పొలాలకు వెళ్తున్నారా?

ఈశాన్య రుతుపవనాల వానలు వెనకబట్టి, గట్ల మీద గడ్డి మోకాలెత్తు లేచే రోజులివి. పలమనేరు వైపు పాడి కొట్టాలకో, చంద్రగిరి కొండవార పొలాలకో ఏ పిడుదులున్నాయో ఏరి చూసే సర్వేకి వెళ్లే వెటర్నరీ కాలేజీ పిల్లలకు, వాళ్లకు తోడెళ్లే ఊరి కుర్రాళ్లకు ముందే ఒక మాట చెప్పాలి. పిడుదు కుడితే నొప్పి తెలీదు. దాని లాలాజలంలోనే చర్మాన్ని మొద్దుబార్చే గుణం ఉంది. అందుకే పాముకూ తేలుకూ భయపడినట్టు దీనికి ఎవరూ భయపడరు. ప్రతి కాటుకూ రోగం రాదు. వస్తే మాత్రం వారానికో రెండు వారాలకో, కుట్టిన సంగతే మరిచిపోయాక వస్తుంది.

మాతో వచ్చిన ఒక అబ్బాయికి పదో రోజున చలిజ్వరం పట్టుకుంది. ఊళ్లో చూపిస్తే వైరల్ జ్వరమన్నారు. నాలుగు రోజులు మాత్రలు మింగినా దిగలేదు. చివరికి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చొక్కా ఎత్తి చూస్తే, బెల్టు కింద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి చెక్కు! స్క్రబ్ టైఫస్. అది పిడుదు తెచ్చేది కాదు, దాని దూరపు చుట్టం తెచ్చేది. గట్ల పొదల్లో ఉండే, కంటికి ఆననంత చిన్న ఎర్రటి పురుగుపిల్ల ఓరియెన్షియా అనే బాక్టీరియాను మనిషిలోకి ఎక్కిస్తుంది. ఆ చెక్కు నొప్పి పుట్టదు, దురద పెట్టదు. చంకల్లో, గజ్జల్లో దాక్కుంటుంది. పొలాల్లో తిరిగొచ్చామని మేం మొదటిరోజే చెప్పుంటే వాడికి ఆ నాలుగు రోజుల బాధ తప్పేది. నాకు ఇప్పటికీ అదే బాధ.

కాబట్టి నోటుబుక్కులో మొదటి పేజీ మీ ఒంటికోసం ఉంచండి. ఏ రోజు, ఏ ఊరు, ఒంటి మీద ఎక్కడ ఏం కనిపించింది, అన్నీ రాయండి. మూడు వారాల్లోపు జ్వరమొచ్చినా, తలనొప్పి వచ్చినా, అరిచేతుల్లో అరికాళ్లలో ఎర్రమచ్చలు లేచినా ఆ పేజీ డాక్టరుకు చూపించండి. అరిచేతి మచ్చలు పిడుదులు తెచ్చే, రికెట్సియా అనే బాక్టీరియా వల్ల వచ్చే జ్వరానికి గుర్తు కావచ్చు. రెండు జ్వరాలకూ డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ బాగా పనిచేస్తుంది, తొందరగా మొదలుపెడితే. ఆలస్యమైతే ఊపిరితిత్తుల దాకా, కిడ్నీల దాకా పోతుంది. మెడికల్ షాపులో మీకు మీరే కొనుక్కోకండి.

వెళ్లేటప్పుడు లేతరంగు ఫుల్ ప్యాంటు వేసుకుని, దాని అంచులు సాక్సుల్లోకి దోపుకోండి. లేతరంగు మీద పాకే పిడుదు ఇట్టే కనిపిస్తుంది. చేతులకూ మెడకూ డీట్ అనే మందు ఉన్న దోమల క్రీము రాసుకోండి. పిడుదులు అంటుకునేలా గడ్డి మీద తెల్లటి ఫ్లానెల్ గుడ్డ లాగే పని మంచు ఆరాకే మొదలుపెట్టండి. తడిసిన గుడ్డకు పిడుదులు అంటుకోవు. గడ్డి కొసన కూర్చున్న పిల్ల పిడుదును ఒకసారి దగ్గరగా చూడండి. ముందుకాళ్లు చాచి, మన ఊపిరి వాసన పట్టి, ఏదో ఒకటి తగులుకుంటుందని కాచుకుని ఉంటుంది. గట్టు మీద చతికిలబడకండి, అన్నం మూట కూడా పెట్టకండి. ఇల్లు చేరగానే స్నానం చేసి మోకాళ్ల వెనక, బొడ్డు చుట్టూ, చెవుల వెనక తడుముకోండి. విడిచిన బట్టలు వేడినీళ్లలో వేయండి.

పిడుదు కరుచుకుని ఉంటే సన్నమూతి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలిపెట్టకుండా నిదానంగా నేరుగా లాగండి. కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్ల అంటించడం వద్దు. లాగిన పిడుదును స్పిరిట్ సీసాలో వేసి, చీటీ మీద పెన్సిల్‌తోనే రాయండి. పెన్ను ఇంకు స్పిరిట్‌కు చెదిరిపోతుంది.

ఇక కొట్టంలో పని. పిడుదుల మందు ఎప్పుడు కొట్టారో ముందే అడగండి, లేకపోతే మీ లెక్క అబద్ధమవుతుంది. చెవుల లోపల, గంగడోలు మడతల్లో, పొదుగు పక్కన, తోక మొదట్లో వెతకండి. ఆవును ఇంటివాళ్లే పట్టుకోవాలి. కొత్త చెయ్యి తగిలితే తన్నుతుంది, అది దాని తప్పు కాదు.

ఒక అవ్వ గంగడోలు కింద నిండుగా ఉబ్బిన పిడుదును గోళ్ల మధ్య చిట్లించి, వేళ్లు కొంగుకు తుడుచుకుంది. "గిల్లి పారేస్తే పోయేదానికి ఇంత తతంగమా నాయనా?" అనింది. ఆ రక్తంలో క్రిములుంటాయవ్వా, చేతికి చిన్న గాటున్నా లోపలికి పోతాయని చెప్పాను. నేల మీద వదిలేస్తే ఒక్కో ఆడ పిడుదు గోడ సందుల్లో రెండువేలకు పైగా గుడ్లు పెడుతుందని కూడా చెప్పాను. ఆమె చాలాసేపు గోడ సందుల కేసి చూసింది. మీరు వెళ్లిన ప్రతి కొట్టంలో ఒక పట్టకారు, మూతున్న డబ్బాలో సబ్బునీళ్లు ఇచ్చి రండి. ఫలితాలు వచ్చాక మళ్లీ వెళ్లి, వాళ్ల ఆవుల్లో ఏం కనిపించిందో చెప్పండి.