సభ పెడుతున్నారని తెలిసి ఠాణా నుంచి ఫోను వస్తే

కరపత్రం ప్రెస్సు దాటకముందే స్పెషల్ బ్రాంచి కానిస్టేబుల్ ఫోను వస్తుంది: "అన్నా, సీఐ సారు ఒక్కసారి వచ్చి పొమ్మంటున్నడు." తర్వాత హాలు ఓనర్‌కు, ఆ పైన మైకుసెట్టు అతనికి, చివరికి మీ ఇంట్లో పెద్దవాళ్లకు. నల్గొండ, సూర్యాపేట, పాలమూరు, నాగర్‌కర్నూలు, నారాయణపేట, గద్వాల ఎక్కడైనా వరస దాదాపు ఇదే. ఇందులో ఎక్కడా కాగితం ముక్క ఉండదు. "అనుమతి లేదు" అని రాసిస్తే దాన్ని పట్టుకొని మీరు హైకోర్టుకు పోతారు. నోటితో చెబితే రేపు "మేం అనలేదు" అనేయొచ్చు. కాబట్టి నిర్వాహకుల పనిలో ముప్పావు వంతు ఆ నోటిమాటను కాగితం మీదికి గుంజడమే, అదీ కోర్టుకు పోయే టైం మిగిలేలా.

దరఖాస్తు

ముందు మీ సభ ఎక్కడో తేల్చుకోండి. ఎస్పీలు నెలకోసారి పత్రికల్లో ప్రకటించే "30, 30(ఎ) పోలీస్ యాక్టు" 1861 నాటి చట్టం. అది రోడ్లు, వీధులు, ఊరేగింపుల గురించి చెబుతుంది, లైసెన్సు తీసుకొమ్మంటుంది. సభలే పెట్టొద్దని అందులో లేదు. నాలుగు గోడల మధ్య జరిగే సదస్సు దాని కిందికి రాదు. అలాంటప్పుడు "అనుమతి కోరుతూ" అని రాయకండి, "సమాచారం కోసం" అని రాయండి. గడియారం సెంటర్‌లోనో తెలంగాణ చౌరస్తాలోనో పెడితే మాత్రం అనుమతి అడగాల్సిందే. 1972లో హిమ్మత్‌లాల్ షా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఒక సంగతి తేల్చింది: బహిరంగ స్థలంలో సభను ప్రభుత్వం క్రమబద్ధం చేయవచ్చు గానీ, ఇష్టమొచ్చినట్టు కాదనే అధికారం అధికారి చేతికి ఇవ్వకూడదు. దరఖాస్తులో ఈ కేసు పేరు, రాజ్యాంగం 19(1)(బి) అధికరణం ఒక్క వాక్యంలో పెడితే చాలు. మూడు పేజీల ఉపన్యాసం ఎవరూ చదవరు.

సభకు కనీసం 15 రోజుల ముందు ఇవ్వండి. తేదీ, మొదలయ్యే టైము, ముగిసే టైము, స్థలం, వచ్చే జనం అంచనా, బాధ్యులు ఇద్దరి పేర్లు, ఫోన్లు, బండ్లు నిలిపే చోటు, వాలంటీర్ల సంఖ్య (వందమందికి ఇద్దరు చొప్పున) ఉండాలి. ఈ స్థలం కుదరకపోతే అంటూ మరో రెండు స్థలాలు, ఇంకో తేదీ కూడా అందులోనే రాయండి. ట్రాఫిక్ సాకు అక్కడికి సగం పడిపోతుంది. వక్తల పేర్లు కరపత్రంలో ఉన్నవరకు ఇవ్వండి. వచ్చేవాళ్ల జాబితా, ఆధార్ నంబర్లు అడిగితే ఇవ్వాల్సిన పని లేదు. జనం సంఖ్యను గొప్పకు పెంచకండి, భయపడి తగ్గించకండి. కోర్టు అనుమతి ఇచ్చేటప్పుడు మీరు రాసిన అంకెనే షరతుగా పెట్టే వీలుంది. 300 అని రాసి 700 మంది వస్తే షరతు ఉల్లంఘించారనే కేసుకు దారి మీరే వేసినట్టు.

మూడు ప్రతులు: ఎస్‌హెచ్‌వోకు (స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారికి), డీఎస్పీకి, ఎస్పీ ఆఫీసుకు. నాలుగోది మీది, దానిమీద ఇన్‌వర్డు స్టాంపు (అందినట్టు వేసే ముద్ర), తేదీ పడాలి. "సారు లేడు, రేపు రండి" అంటే వాదించకుండా బయటికొచ్చి అదే రోజు స్పీడ్ పోస్టు చేసి, ఈమెయిల్ కూడా పంపండి. ఆ రసీదే మీ స్టాంపు. ఐదో రోజు దాకా జవాబు రాకపోతే ఒక గుర్తుచేసే ఉత్తరం. సభకు వారం ముందు కూడా ఉలుకూ పలుకూ లేకపోతే హైకోర్టులో రిట్ పిటిషన్. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మూడు రోజుల ముందు దరఖాస్తు పెట్టి ముందురోజు లంచ్ మోషన్ (అదే రోజు అత్యవసరంగా వినమని కోరడం) అంటూ పరుగెత్తితే, కోర్టు అడిగే మొదటి ప్రశ్న "ఇంత ఆలస్యమెందుకు?" అనే. గద్వాల, అచ్చంపేట వాళ్లకు హైదరాబాదు పోయి రావడానికే ఒక రోజు పోతుంది. వకాలత్నామా (మీ తరఫున వాదించమని వకీలుకిచ్చే కాగితం) మీద ముగ్గురు నలుగురి సంతకాలు ముందే తీసి వకీలు దగ్గర పెట్టండి. అఫిడవిట్ ఇవ్వాల్సిన మనిషినే పొద్దున ఎత్తుకుపోతే పిటిషన్ ఆగిపోకూడదు.

మైకుకు వేరే దరఖాస్తు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం లౌడ్‌స్పీకర్‌కు రాతపూర్వక అనుమతి ఉండాలి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలాల్లో వాడకూడదు. ఆస్పత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించొచ్చు. స్థలం ఎంచుకునే రోజే టేపు పెట్టి కొలుచుకోండి. సభకు సరేనని, మైకు కాగితం మాత్రం చివరి సాయంత్రం దాకా నానబెట్టడం పాత ఎత్తు.

"144 ఉంది" (జనం గుమిగూడొద్దనే నిషేధాజ్ఞ ఉంది) అంటే ఆర్డరు ప్రతి అడగండి. 2024 జులై 1 నుంచి అది బీఎన్‌ఎస్‌ఎస్‌లో (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో) 163వ సెక్షన్. ఆర్డరు ఇచ్చింది ఎవరు, ఏ ఊరికి, ఎన్ని రోజులకు, కారణమేమిటి అన్నవి అందులో ఉండాలి. మామూలుగా రెండు నెలలకు మించి నడవదు. ఇలాంటి ఆర్డర్లను ప్రచురించాలనీ, అభిప్రాయభేదాన్ని నొక్కడానికి వాడకూడదనీ 2020లో అనురాధా భసిన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆర్డరు నిజంగా ఉంటే మాత్రం దాన్ని కోర్టులో సవాలు చేయండి, రోడ్డు మీద కాదు.

ఫోన్లు, పిలుపులు

మర్యాదగానే మాట్లాడండి. పేరు, హోదా, ఏ స్టేషన్, ఏ విషయం అని అడిగి, "నోటీసు పంపండి సార్, తప్పక వస్తాం" అనండి. కాల్ రికార్డింగ్ పెట్టుకోండి. కొన్ని ఫోన్లలో రికార్డవుతోందని అవతలికి వినిపిస్తుంది. వినిపించనీయండి, గొంతు దానంతటదే దిగుతుంది. ఒక నోటుపుస్తకంలో తేదీ, టైము, నంబరు, అన్న మాటలు అన్నట్టే రాయండి. రేపు రిట్‌లో ఇదే పట్టిక అవుతుంది.

నోటీసు వస్తే అది ఏ సెక్షనో చూడాలి. ఈ తేడా తెలియక చెడిపోయినవాళ్లున్నారు. బీఎన్‌ఎస్‌ఎస్ 179 అంటే సాక్షిగా పిలవడం. మహిళలను, 60 ఏళ్లు దాటిన మగవాళ్లను, 15 ఏళ్ల లోపు పిల్లలను, వికలాంగులను, తీవ్ర జబ్బుతో ఉన్నవాళ్లను వాళ్లుండే చోటే విచారించాలి, స్టేషన్‌కు రమ్మనడానికి లేదు. అదే చట్టంలో 35(3) అంటే మీ మీద కేసు ఉన్నట్టు. దానికి పోకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. 35 కింది నోటీసును వాట్సాప్‌లో పంపడం చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అయినా స్క్రీన్‌షాట్ తీసి వకీలుకు పంపండి, చూడనట్టు ఊరుకోవద్దు.

నోటీసు లేకపోయినా పోదామనుకుంటే ఒంటరిగా పోవద్దు. పోతూ పోతూ ఒక పేజీ ఉత్తరం పట్టుకెళ్లండి: "ఫలానా రోజు ఫలానా నంబరు నుంచి పిలిస్తే ఇంత టైముకు వచ్చాం." దాన్ని ఇన్‌వర్డులో ఇచ్చి స్టాంపు వేయించుకుంటే, వాళ్లు కాగితం లేకుండా పిలిచిన పిలుపుకు మీరే కాగితం పుట్టించినట్టు. ఫోను ఇమ్మంటే ఏ కేసులోనో అడగండి, సీజ్ చేస్తే పంచనామా ప్రతి అడగండి. సభ రద్దు చేసుకుంటున్నామని తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు.

ఇంట్లోవాళ్ల సంగతి చిన్నది కాదు. 1999లో భువనగిరి గాయని బెల్లి లలిత, 2001లో నల్గొండలో పౌరహక్కుల సంఘం నాయకుడు ఆజం అలీ, 2005లో పాలమూరులో ఉద్యమకారుడు కనకాచారి హత్యకు గురైన జిల్లాలివి. వాకిట్లో జీపు ఆగితే తల్లికి గుర్తొచ్చేది సెక్షన్ నంబరు కాదు. ముందే కూర్చోబెట్టి చెప్పండి: ఎవరు వచ్చినా పేరు, స్టేషన్ అడగాలి, లోపలికి రానివ్వాల్సిన పని లేదు, సోదా అంటే వారంటు లేదా కారణాలు రాసిన కాగితం చూపించమనాలి, వెంటనే ఈ రెండు నంబర్లకు ఫోన్ చేయాలి. నంబర్లు ఫోన్లో ఉంటే సరిపోదు, గోడమీద పెద్ద అక్షరాలతో రాయండి. ప్రభుత్వ టీచర్లు, కాంట్రాక్టు ఉద్యోగుల పేర్లు దరఖాస్తు మీద వద్దు. బెదిరింపు ముందు ఉద్యోగం వైపు నుంచే వస్తుంది.

హాలు

ఫంక్షన్ హాలు ఓనర్‌ను తప్పుపట్టకండి. ఆయన రేపూ అదే ఊళ్లో లైసెన్సులతో బతకాలి. అడ్వాన్సుకు రసీదు, దానిమీద తేదీ, సభ పేరు ఉండాలి. రద్దు చేస్తే "పోలీసుల సూచన మేరకు" అని ఒక్క ముక్క రాసివ్వమని అడగండి. రాయకపోతే రద్దు అని వాట్సాప్‌లో పెట్టమన్నా సరే. రెండో చోటు సిద్ధంగా ఉంచుకోండి, దాని పేరు గ్రూపులో మాత్రం రాయొద్దు. ఊళ్లలోనైతే సొంత పట్టా భూమిలో, భూయజమాని రాతపూర్వక సమ్మతితో టెంటు వేసుకోవడం అన్నిటికన్నా గట్టిది. అమ్రాబాద్ యురేనియం, చిత్తనూరు, పెద్దధన్వాడ ఇథనాల్ ఫ్యాక్టరీల లాంటి విషయాల మీద సభ అయితే పట్నం హాలుకన్నా ఊరి చేనే నయం. బయటివాళ్లు వచ్చి రెచ్చగొట్టారనే మాటకు అక్కడ బలముండదు.

తెల్లవారుజామున

ముందస్తు అరెస్టులు ఎక్కువగా సభ రోజు తెల్లవారుజామున జరుగుతాయి. వాడేది బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 170, పాత 151. కాగ్నిజబుల్ నేరం (వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గది) చేయబోతున్నారని, ఇంకో విధంగా ఆపడం కుదరదని అధికారికి తెలిస్తేనే అది వర్తిస్తుంది. సభ పెట్టడం అలాంటి నేరం కాదు. 24 గంటలు దాటి ఉంచుకోకూడదు. ఇంటి ముందు కానిస్టేబుళ్లను కూర్చోబెట్టి "హౌస్ అరెస్ట్" అనడానికైతే పోలీసులకు చట్టంలో చోటే లేదు. "ఆర్డర్ చూపించండి" అని అడగడం వీడియో తీయండి.

తీసుకుపోతుంటే తోపులాట వద్దు. చెయ్యి తగిలిందంటే భారతీయ న్యాయ సంహిత 132, అంటే విధుల్లో ఉన్న ఉద్యోగి మీద దాడి కేసు, తయారుగా ఉంటుంది. అరెస్టు మెమో మీద సాక్షి సంతకం, కారణాలు రాతలో, ఇంట్లోవాళ్లకు కబురు, వకీలును కలవడం ఇవన్నీ మీ హక్కులు. మహిళలను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం ముందు అరెస్టు చేయాలంటే మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి ఉండాలి. మందులు, కళ్లద్దాలు, కొంత చిల్లర ముందురోజు రాత్రే సంచిలో సర్దుకోండి. ఏ స్టేషన్‌లో ఉంచారో చెప్పకుండా మండలాలు తిప్పుతుంటే బయటున్నవాళ్లు 112కు ఫోన్ చేసి, ఎస్పీ ఆఫీసుకు ఈమెయిల్ పెట్టి, వకీలుతో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకు తెమ్మనే పిటిషన్) వేయించాలి. ఉచిత న్యాయ సహాయానికి 15100. పై నాయకులు పోయినా సభ నడిపే రెండో వరస పేర్లు దరఖాస్తులో ఉండకూడదు. వేదిక, బ్యానరు, మైకు చెల్లింపు వాళ్ల చేతిలోనే ఉండాలి.

బైండోవర్

బైండోవర్ అంటే తహసీల్దార్ ముందు నిలబెట్టి, శాంతికి భంగం కలిగించమని బాండు మీద సంతకం పెట్టమనడం. అది తేలికైన పనిలా కనిపిస్తుంది, కానీ అన్నిటికన్నా ఎక్కువ కాలం వెంటాడేది ఇదే. బీఎన్‌ఎస్‌ఎస్ 126 (పాత 107) కింద అడిగే బాండు ఏడాది దాకా ఉండొచ్చు. ముందు 130 కింద రాతపూర్వక ఆర్డరు ఇవ్వాలి. మీ మీద వచ్చిన సమాచారమేమిటి, ఎంత మొత్తం, ఎన్నాళ్లు అన్నవి అందులో ఉండాలి. ఆ తర్వాత విచారణ. ఆ ప్రతి చేతికి రాకుండా సంతకం పెట్టకండి, వకీలు కోసం వాయిదా అడగండి. పెట్టి ఇంటికొస్తే పోతుందిలే అనుకుంటే, రేపు మరో సభలో నిలబడ్డప్పుడు బాండు ఉల్లంఘన అని డబ్బు కట్టమంటారు, జైలు పేరు చెప్పి బెదిరిస్తారు.

తర్వాత

సభ అయిపోయాక కూడా 223 (ఆదేశం ధిక్కరించడం), 126(2) (అడ్డగించడం) లాంటి చిన్న కేసులు వస్తాయి. ఇవి న్యాయ సంహిత సెక్షన్లు. బైండోవర్ 126తో కలపకండి. 223కు ఆ అధికారి రాతపూర్వక ఫిర్యాదు లేకుండా కోర్టు విచారణకు తీసుకోకూడదు. వకీలుకు ఈ సంగతి గుర్తు చేయండి.

స్టేషన్‌లో కొట్టినా, దాచినా సీసీటీవీ దృశ్యాలు భద్రపరచమని అదే వారంలో ఎస్పీకి రాయండి. 2020 డిసెంబరులో పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు స్టేషన్ రికార్డింగులను 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది ఉంచాలంది. మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు ఘటన జరిగిన ఏడాది లోపు వెళ్లాలి. సమాచార హక్కు దరఖాస్తులో ఆ రోజు స్టేషన్ జనరల్ డైరీ (రోజువారీ రికార్డు పుస్తకం) ఎంట్రీలు, మిమ్మల్ని తీసుకుపోయిన వాహనం లాగ్‌బుక్కు అడగండి. జవాబుకు గడువు 30 రోజులు. మనిషి ఇంకా లోపలే ఉంటే, ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన సమాచారమని పైన రాయండి, అప్పుడు గడువు 48 గంటలే.