ఫేషియల్ వైప్‌తో మేకప్ ఎలా తీయాలి? రుద్దకుండా, కళ్లు మండకుండా

ప్యాకెట్‌లోంచి సర్రున ఒక వైప్ లాగడం, నుదుటి నుంచి గడ్డం దాకా గిన్నె తోమినట్టు తోమేయడం, గుడ్డ నల్లబడింది కదా ఇంక మొహం శుభ్రమైపోయిందని వెళ్లి పడుకోవడం. చాలామంది చేసేది ఇదే. పొద్దున లేచేసరికి దిండు మీద కాటుక మరకలు, కళ్లు ఎర్రగా, బుగ్గలు చురచుర. అప్పుడు "వైప్స్ నా స్కిన్‌కి పడవు" అని తేల్చేస్తారు. నేను పన్నెండేళ్లుగా వేరేవాళ్ల మొహాలకి మేకప్ వేస్తున్నా, ప్రోగ్రాం అయ్యాక దగ్గరుండి తీస్తున్నా, ఇలా అన్నవాళ్లలో నిజంగా పడనివాళ్లు తక్కువ, తప్పుగా వాడినవాళ్లే ఎక్కువ.

ముందు ఒక్క విషయం బుర్రలో పెట్టుకోండి, మిగతాదంతా దాని నుంచే వస్తుంది. మేకప్‌ని తీసేది గుడ్డ కాదు, గుడ్డలో ఉన్న ద్రవం. ఆ ద్రవంలో సర్ఫాక్టెంట్లు అనేవి ఉంటాయి, వాటి అణువుకి ఒక కొస నూనెని పట్టుకుంటుంది, ఇంకో కొస నీటిని పట్టుకుంటుంది, అలా జిడ్డుగా అతుక్కున్న ఫౌండేషన్‌ని చర్మం మీద నుంచి లేపుతాయి. కానీ లేపడానికి వాటికి టైం కావాలి. మీరు ఆ టైం ఇవ్వకపోతే ఆ పనంతా మీ చెయ్యి చెయ్యాల్సి వస్తుంది, చెయ్యి చేస్తే చర్మం గీరుకుపోతుంది. అంతే కథ.

కావాల్సినవి

వైప్స్, వెడల్పు హెయిర్ బ్యాండ్, అద్దం, నాలుగు కాటన్ ప్యాడ్లు, మామూలు ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్. వైప్ పెద్దదిగా, కాస్త మందంగా, మెత్తగా ఉండాలి. బట్ట మీద బుడిపెల్లాంటి డిజైన్ ఉండి "డీప్ స్క్రబ్" అని రాసుంటే అది మొహానికి వద్దు. సువాసన లేనిదే కొనండి, వాసన బాగుంటే మేకప్ బాగా పోతుందని ఎక్కడా లేదు.

వెనకాల ఇంగ్రీడియెంట్స్‌లో మిథైల్‌ఐసోథయజోలినోన్ (Methylisothiazolinone) అనే ప్రిజర్వేటివ్, అంటే సరుకు చెడకుండా కలిపే పదార్థం, పేరు కనిపిస్తే మాత్రం ప్యాకెట్ అక్కడే పెట్టేయండి. నీళ్లున్న ఏ ప్రోడక్ట్‌కైనా ప్రిజర్వేటివ్ తప్పదు, లేకపోతే బ్యాక్టీరియా పెరుగుతుంది, అది వేరే సంగతి. కానీ ఈ ఒక్కదాంతో ఎంతమందికి చర్మం దురదలొచ్చాయంటే, 2013లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దీన్ని అలర్జీ తెప్పించే పదార్థాల్లో ఆ ఏటి అలర్జెన్‌గా ప్రకటించింది, 2017 నుంచి యూరోపియన్ యూనియన్‌లో కడగకుండా చర్మం మీదే వదిలేసే కాస్మెటిక్స్‌లో దీన్ని నిషేధించారు. వైప్‌తో తుడుచుకుని కడుక్కోకపోతే ఆ ద్రవం మొహం మీదే ఉండిపోతుంది కదా, అందుకే నాకు దీని మీద ఇంత పట్టింపు.

కొత్త ప్యాకెట్ తెచ్చిన రోజే మొహం మీద పెట్టేయొద్దు. మోచేతి లోపలి మడతలో రోజుకి రెండుసార్లు, ఒకే చోట, వారం పదిరోజులు తుడిచి చూడండి. అంత ఓపిక ఎవరికుంది అంటారు, తెలుసు. మొహం వాచాక పట్టే రోజుల కంటే ఇవి తక్కువే. ఎరుపు, దురద, పొక్కులు ఏవొచ్చినా అది మీకు కాదు.

ఇంకోటి, ప్యాకెట్‌ని తలకిందులుగా పెట్టండి. ద్రవమంతా అడుక్కి దిగిపోతుంది, పైన ఉన్నవి పొడిగా అయిపోతాయి, పొడి వైప్‌తో తుడుచుకోవడం కంటే అసలు తుడుచుకోకపోవడం మేలు. మూత స్టిక్కర్ గట్టిగా అతికించండి, ప్యాకెట్ మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ ఉంటే దాని మీద నెలల సంఖ్య ఉంటుంది, తెరిచాక అన్ని నెలలే వాడాలి.

మొదలుపెట్టే ముందు

చేతులు సబ్బుతో కడగండి. కాంటాక్ట్ లెన్స్ ఉంటే ముందు తీసేయండి, మేకప్ తీశాక కాదు, ముందే. అతికించిన రెప్పలు పెట్టుకుంటే బయటి కొస పట్టుకుని మెల్లగా తీసి పక్కన పెట్టండి. సెలూన్‌లో ఒక్కో వెంట్రుకా అతికించుకునే ఐలాష్ ఎక్స్‌టెన్షన్స్ ఉన్నవాళ్లు కళ్ల దగ్గర వైప్ జోలికే పోవద్దు, బట్ట పోగులు వాటికి తగులుకుని లాగేస్తాయి.

జుట్టు వెనక్కి కట్టండి. రెండు వైప్స్ తీయండి. ఒకటి కళ్లకి, ఒకటి మొహానికి. ఒక్కదాంతో సరిపెట్టడం నేను ఒప్పుకోను, కళ్ల దగ్గర నలుపు తుడిచిన గుడ్డని బుగ్గలకి పులమడం ఏ రకంగా శుభ్రం?

కళ్లు. ఇక్కడ మాత్రం నెమ్మదిగా చదవండి

కళ్లే ముందు, మొహం తర్వాత. చాలామంది కళ్లు చివరికి ఉంచుతారు, అప్పటికి వైప్ సగం ఆరిపోయి ఉంటుంది, ఓపిక కూడా అయిపోయుంటుంది, అందుకే ఆ చివర్లో బరబరా రుద్దేస్తారు. ఒంట్లో చర్మం అన్నిటికంటే పల్చగా ఉండేది కనురెప్ప మీదే, అర మిల్లీమీటర్ అటూ ఇటూ ఉంటుంది అంతే. మొండితనం చూపించే మేకప్ అంతా, అంటే వాటర్‌ప్రూఫ్ మస్కారా, జెల్ ఐలైనర్, అదీ ఇక్కడే ఉంటుంది. పల్చటి చర్మం మీద మొండి మేకప్, ఇంక రుద్దితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

వైప్‌ని నాలుగు మడతలు పెట్టండి. కన్ను మూసుకోండి. మడత పెట్టిన వైప్‌ని రెప్ప మీద, వెంట్రుకలు కూడా దాని కిందకి వచ్చేలా పెట్టి, నాలుగు వేళ్లు పరిచి ఆనించండి. నొక్కొద్దు, ఆనించండి, కనుగుడ్డు మీద బరువు తెలియకూడదు. అలాగే ఉంచి ముప్పై లెక్కపెట్టండి. గబగబా ఒకటిరెండుమూడు అని కాదు, నిజంగా ముప్పై సెకన్లు. వాటర్‌ప్రూఫ్ మస్కారా అయితే నలభై ఐదు. ఇక్కడే అందరూ తప్పుతారు. ఎనిమిది దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే కదలడం మొదలవుతుంది, నేను ఎంతమందిని చూశానో, "కదపొద్దు" అని చెప్తూనే ఉంటాను, కదుపుతూనే ఉంటారు.

ముప్పై అయ్యాక వైప్‌ని ఎత్తకుండా, రెప్ప మొదలు నుంచి వెంట్రుకల కొస వైపు, కిందికి ఒక్కసారి జార్చండి. ఒక్కసారే, అటూ ఇటూ కాదు. ఇప్పుడు వైప్ తిప్పి చూడండి. సరిగ్గా నానితే వెంట్రుకల గీతలు పక్కపక్కన సన్నగా, ఎవరో పెన్నుతో గీసినట్టు గుడ్డ మీద అచ్చు పడి ఉంటాయి. అలా కాకుండా నల్లగా అలికినట్టు ఒక మరక ఉందంటే మీరు రుద్దారు.

చూసుకోవడానికి ఇంకో మార్గం చెప్తా, ఇది నేను అందరికీ అద్దం ముందు కూర్చోబెట్టి చూపిస్తాను. వైప్ జార్చేటప్పుడు కంటి బయటి కొస దగ్గర చర్మాన్ని గమనించండి. చర్మం ముడతపడి వైప్‌తో పాటు కదిలిందా, అది రుద్దడం. చర్మం ఉన్నచోటే ఉండి, దాని మీద నుంచి వైప్ ఒక్కటే జారిందా, అది తుడవడం. తేడా ఇంతే.

ఇంకా నలుపు మిగిలిందనుకోండి, మిగులుతుంది కూడా, అప్పుడు ఇంకాస్త గట్టిగా తుడవడం కాదు చేయాల్సింది. మడత తిప్పి శుభ్రమైన వైపు తెచ్చి మళ్లీ ముప్పై సెకన్లు ఆనించడం. మూడోసారికీ పోకపోతే ఆ మస్కారా మీ వైప్‌కి లొంగేది కాదు. వాటర్‌ప్రూఫ్ వాటిలో మైనాలు, నీటికి కరగని పదార్థాలు ఉంటాయి, నీళ్లే ఎక్కువున్న వైప్‌కి అవి లొంగకపోవడంలో వింతేం లేదు, వాటికి నూనె ఉన్న ఐ మేకప్ రిమూవర్ కావాలి. ఒక కాటన్ ప్యాడ్ మీద దాన్ని వేసి ఇదే పద్ధతిలో ఆనించండి.

ఇదంతా నేను పుస్తకం చదివి చెప్పట్లేదు. మొదట్లో ఒక డాన్స్ ప్రోగ్రాం అయ్యాక, లేటయిపోతోందని ఒక అమ్మాయికి వాటర్‌ప్రూఫ్ మస్కారాని వైప్‌తో అటూ ఇటూ లాగి తీసేశాను. "అక్కా మండుతోంది" అంది. "అయిపోయింది, ఒక్క నిమిషం" అన్నాను. వైప్ తీసి చూస్తే గుడ్డ మీద మూడు రెప్పవెంట్రుకలు, మొదళ్లతో సహా. మర్నాడు వాళ్లమ్మ ఫోన్ చేసి పాపకి పైరెప్ప ఉబ్బిందని చెప్పింది. ఆ అమ్మాయి మండుతోందన్నప్పుడే ఆపాల్సింది. అప్పటి నుంచి నా దగ్గర కళ్లకి ముప్పై సెకన్ల లెక్క పైకి వినపడేలా నేనే లెక్కపెడతాను.

కింది వెంట్రుకలకి పద్ధతి కొంచెం వేరు. పైకి చూడండి, వైప్ మడత అంచుని కింది వెంట్రుకలకి దిగువన ఆనించండి, పదిహేను సెకన్లు, తర్వాత బయటి కొస నుంచి ముక్కు వైపు మెల్లగా తీయండి. ముక్కు వైపు నుంచి బయటికి లాగడం కంటే నాకు ఇదే నయం, కంటి చివర చర్మం సాగదు.

కంటి లోపలి అంచున, వెంట్రుకలకీ కనుగుడ్డుకీ మధ్య పెట్టుకున్న కాటుక సంగతి. వైప్‌ని అక్కడికి తోయొద్దు. ఆ అంచు మీదే కంటికి నూనె ఇచ్చే చిన్న గ్రంథుల రంధ్రాలుంటాయి, కన్నీరు త్వరగా ఆరిపోకుండా చూసేది ఆ నూనే, అక్కడ సబ్బులాంటి ద్రవం చేరితే కళ్లు మండక ఏం చేస్తాయి. మామూలు నీళ్లతో తడిపిన కాటన్ ప్యాడ్‌ని మూసిన కన్ను మీద పెట్టి, నాలుగైదుసార్లు రెప్పలార్పండి, కాటుక దానంతటదే బయటికొస్తుంది, వచ్చినదాన్ని బయటి నుంచి తీయండి. మిగిలిన కాస్తా రాత్రికి రాత్రే తీయాలని యుద్ధం చేయకండి.

ద్రవం కంట్లోకి పోతే వెంటనే శుభ్రమైన నీళ్లతో బాగా కడగండి, నలపొద్దు. మంట, ఎరుపు తగ్గకపోయినా, చూపు మసగ్గా ఉన్నా కంటి డాక్టర్‌కి చూపించుకోండి.

పెదాలు, మొహం

ఇది తేలిక. పెదాలకి పది సెకన్లు ఆనించి, మూలల నుంచి మధ్యకి తుడవండి. ఇప్పుడు రెండో వైప్ పూర్తిగా విప్పి మొహం మీద పరిచి ఒక్క పది సెకన్లు అరచేతులతో ఆనించండి, తర్వాత నుదురు, బుగ్గలు, గడ్డం, మధ్యలో మడత మారుస్తూ తుడవండి. మర్చిపోయేవి మూడు చోట్లు: ముక్కు పక్కల మడత, జుట్టు మొదలయ్యే గీత, దవడ కింద. మెడ కూడా.

ఇక్కడితో అయిపోలేదు

వైప్ వాడాక కడుక్కోకపోవడమే నాకు అన్నిటికంటే కోపం తెప్పించే విషయం. ప్యాకెట్ మీద కడగక్కర్లేదని రాసి ఉండొచ్చు. రాయనివ్వండి. మేకప్‌ని లేపిన ఆ సర్ఫాక్టెంట్లు మొహం మీదే ఉండిపోయి రాత్రంతా చర్మాన్ని పొడిబారుస్తాయి, లేచిన మేకప్‌లో కొంత వైప్‌కి అంటకుండా పల్చగా పొరలా మిగులుతుంది. గోరువెచ్చని నీళ్లు, కొంచెం ఫేస్‌వాష్, మెత్తటి టవల్‌తో అద్దడం, చెమ్మ ఆరకముందే మాయిశ్చరైజర్. రెండు నిమిషాల పని.

మరి కడుక్కునేదానికి వైప్ ఎందుకు, నేరుగా క్లెన్సింగ్ బామ్ (మేకప్‌ని కరిగించే నూనె ముద్ద) వాడొచ్చు కదా అంటారు. ఇంట్లో ఉన్న రోజు వాడండి, మొండి మేకప్‌కి బామ్ మంచిదే. కానీ బామ్ రాసి వేళ్లతో రుద్దినప్పుడు కాటుక, ఫౌండేషన్, లిప్‌స్టిక్ అన్నీ కలిసి మొహమంతా పాకుతాయి, సగం కళ్లలోకి పోతుంది. వైప్‌తో అయితే ఎక్కడి మేకప్ అక్కడే గుడ్డకి వచ్చేస్తుంది. ప్రయాణంలో, నీళ్లు సరిగ్గా దొరకని చోట అయితే ఇంక దీనికి సాటి లేదు. అలాంటప్పుడు కనీసం నీళ్లతో తడిపిన కాటన్ ప్యాడ్ ఒకటి ఆఖర్న తుడవండి.

వైప్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది

కడిగేముందు ఒక్కసారి, తెల్ల కాటన్ ప్యాడ్ తడిపి బుగ్గ మీద, దవడ మీద తుడిచి చూడండి. లేత గోధుమరంగు కొంచెం అంటితే పర్వాలేదు. చిక్కగా అంటిందంటే ఆ వైప్‌లో దమ్ము లేదు, లేదా మీరు ఆనించకుండా లాగేశారు. మర్నాడు పద్ధతి మార్చి మళ్లీ చూడండి, అప్పుడూ అంతే అయితే బ్రాండ్ మార్చండి. తుడిచిన పది నిమిషాలకి చర్మం బిగుసుకుపోయినట్టు అనిపించినా, పొద్దున రెప్పల అంచున పొడి పొలుసులు కనిపించినా మార్చేయండి, అలవాటవుతుందిలే అని సర్దుకోవద్దు.

వాడిన వైప్‌ని టాయిలెట్‌లో వేయొద్దు. చాలా వైప్స్ బట్టలో పాలిస్టర్ లాంటి ప్లాస్టిక్ పోగులుంటాయి, కాగితంలా నీళ్లలో విడిపోవు. 2017లో లండన్ వైట్‌చాపెల్ దగ్గర మురుగు కాలువలో 250 మీటర్ల పొడవున, 130 టన్నుల బరువున గట్టిపడిపోయిన ముద్ద ఒకటి బయటపడింది, కొవ్వు, వైప్స్, డైపర్లు కలిసి పేరుకున్నది. అద్దం పక్కనే చిన్న చెత్తబుట్ట పెట్టుకోండి, వైప్‌ని నలుపు లోపలికి పోయేలా మడిచి అందులో పడేయండి.