విమానం ఎక్కే ముందు: ఒక పర్లాకిమిడి పిరికివాడి జాగ్రత్తలు

నెలకు రెండుసార్లు విశాఖ వెళ్లి విమానం ఎక్కుతాను. భయం పోలేదు, దాంతో సర్దుకుపోవడం వచ్చింది.

• పొద్దుటి విమానమే చూసుకోండి. ఎండ ముదిరితే నేల వేడికి గాలి పైకి లేచి కుదుపులు ఎక్కువ. ఏప్రిల్, మేలో మా వైపు సాయంత్రాలు కాలబైశాఖి (వేసవి గాలివాన) ఉరుములు సరేసరి.

• సీటు రెక్కల దగ్గర. తోక వైపు ఊగినంత అక్కడ ఊగదు.

• కాఫీ వద్దు. మందు కొట్టి నిద్రమాత్ర వేసుకోవడం అసలే వద్దు. మాత్ర కావాలంటే ముందు డాక్టరుని అడగండి.

• చప్పుళ్లు తెలుసుకోండి, అసలు మందు ఇదే. నేల వదిలాక కాళ్ల కింద ధడ్‌మంటుంది: చక్రాలు లోపలికి మడుచుకున్నాయి. కాసేపటికి ఇంజను హోరు తగ్గి, కడుపులో జారినట్టుంటుంది. పడిపోవడం కాదు, పైకి లేవడానికి పెట్టిన బలాన్ని తగ్గించారంతే. ఇది తెలియని రోజుల్లో పక్కాయన చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాను. "డరంతు నాహిఁ" (భయపడకండి) అని ఒడియాలో అన్నాడాయన, తన చెయ్యి మెల్లగా విడిపించుకుంటూ.

• సీటుబెల్టు గుర్తు దీపం ఆరినా బెల్టు తీయకండి.

• గుండె దడ మొదలైతే నాలుగు అంకెలకు పీల్చి, ఆరు అంకెలకు వదలండి.

• జేబులో నాలుగు ఎండు ఉసిరి ముక్కలు. దిగేటప్పుడు చప్పరిస్తే చెవులు దిబ్బడెయ్యవు.