చెన్నై ఎండలో తిరిగేటప్పుడు: ఏ లక్షణం దేనివల్ల, అప్పుడేం చేయాలి

సెలవులకి కర్నూలు నుంచో విజయవాడ నుంచో చెన్నై వచ్చే చుట్టాలు ఫోన్లో ఉష్ణోగ్రత చూసి, "ముప్పై ఆరేగా, మా దగ్గర నలభై మూడు!" అంటారు. సాయంత్రానికి మంచమెక్కేదీ వాళ్లే. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. సముద్రం పక్కనున్న ఈ ఊళ్లో గాలి నిండా తేమే కాబట్టి చెమట ఆరదు, కారిపోతుంది. అందుకే మన ఊరి ఎండ లెక్కలు ఇక్కడ పనికిరావు.

మే 4 ప్రాంతంలో మొదలై 28 దాకా నడిచే అగ్ని నక్షత్రాన్ని, అంటే మన కత్తెరని, తప్పించుకోగలిగితే మంచిది. మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరిగితే కాస్త ప్రాణం లేచొస్తుంది. పడమటి గాలి దాన్ని ఆపేసిన రోజున మాత్రం ఊరు పెనమే. 2003 మే 31న చెన్నైలోని నుంగంబాక్కంలో 45 డిగ్రీలు నమోదైంది.

చెమట ధారగా కారుతోంది, ఒళ్లు మాత్రం చల్లబడటం లేదు

కారణం పైన చెప్పిందే. తడి తువ్వాలు తలకి చుట్టుకుంటే రాయలసీమలో హాయిగా ఉంటుంది కానీ, ఇక్కడ కాసేపటికి అదే వేడి గుడ్డ అవుతుంది. తడితో పాటు గాలి కూడా కావాలి. ఫ్యాన్ కింద కూర్చోండి, లేదా విసనకర్రతో విసరండి. బిగుతు జీన్సు, పాలిస్టర్ చొక్కాలు పెట్టెలోనే ఉంచి వదులు నూలు బట్టలు వేసుకోండి. వండలూరు జూకి వెళ్తే గేటు తెరిచే వేళకే లోపలికి వెళ్లి, ఎండ ముదిరేలోపు బయటపడండి. మంగళవారం సెలవని మాత్రం మరిచిపోకండి. మహాబలిపురంలో పంచరథాల దగ్గర నీడ తక్కువ, దానికి సాయంత్రమే నయం.

పిక్కలు పట్టేస్తున్నాయి, తల తిరుగుతోంది, వికారంగా ఉంది

చాలామంది ఇక్కడే పొరబడతారు. "నీళ్లు తాగుతూనే ఉన్నానండీ" అంటారు. తాగారు నిజమే, కానీ చెమటతో నీరొక్కటే పోలేదు, ఉప్పు కూడా పోయింది. ఉత్త నీళ్లు ఎన్ని పోసినా ఆ లోటు తీరదు.

నీడకి చేర్చి, పడుకోబెట్టి, కాళ్ల కింద సంచి పెట్టి ఎత్తు చేయండి. ఓఆర్‌ఎస్ పొడి 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్లలో కలపండి. కొంచెం పొడి ఒక గ్లాసులో కలిపి మిగతాది మడిచి దాచే అలవాటు మనవాళ్లలో బాగా ఉంది. అలా చేస్తే పాళ్లు తప్పుతాయి. పొడి దొరక్కపోతే లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకి సమంగా గీసి వేయండి. గుటక గుటకగా తాగించండి. కలిపింది మర్నాటికి ఉంచొద్దు.

మందుల షాపులో ఓఆర్‌ఎస్ అడిగితే ఒక్కోసారి తియ్యటి పండ్లరసం డబ్బా చేతిలో పెడతారు. సరైన పాళ్లు లేని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే పేరు వాడొద్దని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. పొడి ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి. వీధి మొగలో 'నీర్‌మోర్' పందిరి కనిపిస్తే మొహమాటపడకండి, అది మన చలివేంద్రమే. ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఈ ఊరి ఎండకి బాగా సరిపోతుంది.

బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్రలు వాడేవాళ్లు, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు ఎంత నీరు, ఎంత ఉప్పు తీసుకోవచ్చో ప్రయాణానికి ముందే డాక్టర్ని అడగాలి. అరగంటలో తేరుకోకపోతే ఎవరినైనా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే.

మాట తడబడుతోంది, పిచ్చిగా మాట్లాడుతున్నారు, స్పృహ తప్పుతోంది

ఇది వడదెబ్బ. "చెమట పడుతోందిగా, వడదెబ్బ కాదులే" అనుకోవద్దు. ఎండలో నడిచి, పనిచేసి పడిపోయినవాళ్లకి చెమట పడుతూనే ఉండొచ్చు. చూడాల్సింది మనిషి తీరు. మామూలుగా మాట్లాడే మామయ్య ఉన్నట్టుండి విసుక్కుంటూ, ఎక్కడున్నాడో చెప్పలేకపోతుంటే చాలు, 108కి ఫోన్ చేయండి.

అంబులెన్స్ వచ్చేదాకా ఊరికే కూర్చోవద్దు. బట్టలు వదులు చేసి, దొరికిన నీళ్లన్నీ ఒంటిమీద పోస్తూ ఇద్దరు విసరండి. మెడ, చంకలు, గజ్జల్లో ఐస్ పెట్టండి. స్పృహ సరిగా లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ ఈ వేడిని తగ్గించదు.

ఇదంతా మే నెల గొడవే అనుకోకండి. 2024 అక్టోబర్ 6న మెరీనాలో వైమానిక దళ విన్యాసాలు చూడటానికి వెళ్లినవాళ్లలో ఐదుగురు చనిపోయారు. ఆ రోజు ఎండకి జనం రద్దీ తోడైంది.

అలల్లో నిలబడితే కాళ్ల కింద ఇసుక జారి, లోపలికి లాగుతోంది

వెనక్కి పోయే నీరు ఒకచోట చేరి వేగంగా సముద్రంలోకి పరుగెత్తుతుంది. మెరీనాలో స్నానం నిషేధం అందుకే. చిక్కుకుంటే ఒడ్డువైపు ఎదురీదకండి, అలసిపోతారు. తేలుతూ చెయ్యెత్తి కేకేయండి. ఈత వస్తే ఒడ్డుకి సమాంతరంగా ఈది లాగుడు తగ్గాక బయటికి రండి. ఒడ్డునున్నవాళ్లు దూకకుండా తాడో, ఖాళీ నీళ్ల క్యానో విసరాలి.

గుడిలో అరికాళ్లు కాలుతున్నాయి

మైలాపూర్ కపాలీశ్వరుడి గుడి మధ్యాహ్నం మూసి నాలుగింటికి తెరుస్తారు. ఆ వేళకి కూడా ప్రాంగణంలో రాయి కాగుతూనే ఉంటుంది, పిల్లలు గెంతుతారు. పొద్దున్నే వెళ్లండి. నారపట్టాలు పరిచి ఉంటే వాటి మీదే నడవండి.

పండ్లరసం తాగాక కడుపు పాడైంది

చాలాసార్లు తప్పు పండుది కాదు, ఐస్‌ది. తినడానికి పనికిరాని ఐస్‌కి నీలిరంగు కలపాలని 2018 నుంచి నిబంధన ఉంది, కానీ తెల్లగా ఉన్నదల్లా మంచిదని నమ్మలేం. ఐస్ వద్దనండి, లేదా ఎళనీరు, అంటే కొబ్బరి బొండం, కళ్లముందే కొట్టించుకోండి.

మెడ, వీపు మీద చెమటకాయలు

పౌడర్ మందంగా రాస్తే చెమట రంధ్రాలు ఇంకా మూసుకుంటాయి. చన్నీళ్ల స్నానం, గాలి, దురదకి కాలమైన్ లోషన్ చాలు. చీము పడితే డాక్టర్‌కి చూపించండి.

ఆగిన కారులో పిల్లలు ఉక్కిరిబిక్కిరవుతున్నారు

అద్దాలు మూసిన కారులో పది నిమిషాల్లోనే వేడి దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. అద్దం కాస్త దించినంత మాత్రాన లాభం లేదు. "టోకెన్ తీసుకుని రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అన్నా సరే, పిల్లల్ని కూడా దింపి తీసుకెళ్లండి.