సర్వీసులు మాట్లాడుకునే తీరు – 4వ పాఠం: మీరు కొలిచింది కనెక్షన్‌ని

పోయిన పాఠంలో, సర్వీసులు ఒకదాన్నొకటి పిలిచే రెండు పద్ధతులు రెస్ట్‌నీ (మనం జేసన్‌తో వాడినది) జీఆర్‌పీసీనీ (ప్రోటోబఫ్‌తో వాడినది) పక్కపక్కన పెట్టి వేగం కొలవమన్నాను కదా, మీరు పంపిన అంకెలు చూశాను. చాలామందికి జీఆర్‌పీసీ దాదాపు మూడు రెట్లు వేగంగా వచ్చింది, ఒకరిద్దరు ఆ ఊపులో ఉన్న సర్వీసులన్నీ మార్చేస్తామని కూడా రాశారు. కాస్త ఆగండి. మీరు కొలిచింది జేసన్‌కీ (డేటాని అక్షరాల్లో రాసే పద్ధతి) ప్రోటోబఫ్‌కీ (బైనరీలో కుదించి రాసే పద్ధతి) ఉన్న తేడా కాదు, కనెక్షన్ తెరవడానికి పట్టే సమయం. తప్పు కొంత నాదే, ఇది అందరికీ తెలిసిందే కదా అని దాటేశాను. ఈసారి చెప్తానన్న మెసేజ్ క్యూలు వచ్చే పాఠానికి వాయిదా.

రెండు మెషీన్ల మధ్య ఒకసారి వెళ్లి రావడానికి 20 మిల్లీసెకన్లు అనుకోండి. కొత్త కనెక్షన్ అయితే టీసీపీ హ్యాండ్‌షేక్‌కి (కనెక్షన్ కుదుర్చుకునే పలకరింపు) ఒక రౌండు, టీఎల్ఎస్ 1.3కి (ఎన్‌క్రిప్షన్ కుదుర్చుకోవడం) ఇంకో రౌండు, ఆ తర్వాతే మీ రిక్వెస్టు బయల్దేరుతుంది, దానికో రౌండు: మొత్తం 60. టీఎల్ఎస్ 1.2 అయితే దానికే రెండు రౌండ్లు, మొత్తం 80. ముందే తెరిచి ఉన్న కనెక్షన్ మీదైతే 20తో అయిపోతుంది. మీ మూడు రెట్లు ఇక్కడే ఉన్నాయి! జీఆర్‌పీసీ చానెల్ (క్లయింట్ కాల్స్ పంపే ఆబ్జెక్టు) ఒక హెచ్‌టీటీపీ 2 కనెక్షన్ తెరిచి కాల్స్ అన్నీ దాని మీదే పంపింది, మీ రెస్ట్ కోడ్ ప్రతి కాల్‌కీ తలుపు తీసి, మూసి, మళ్లీ తీసింది.

"రెస్ట్ వాడే హెచ్‌టీటీపీ 1.1లో కీప్-అలైవ్ (కాల్ అయ్యాక కనెక్షన్‌ని తెరిచే ఉంచడం) డీఫాల్టే కదా?" ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ప్రోటోకాల్ ఒప్పుకుంటే చాలదు, క్లయింట్ ఆ కనెక్షన్‌ని దాచుకోవాలి. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీలో నేరుగా గెట్ పిలిస్తే ప్రతిసారీ కొత్త సెషన్ (కనెక్షన్లు దాచుకునే ఆబ్జెక్టు) పుడుతుంది, కనెక్షన్ దాంతోపాటే పోతుంది. సెషన్ ఆబ్జెక్టు ఒకటి చేసుకుని దాన్నే వాడాలి. నోడ్‌లో (జావాస్క్రిప్ట్‌ని సర్వర్‌లో నడిపేది) 19వ వెర్షన్ నుంచే కీప్-అలైవ్ డీఫాల్ట్ అయింది, అంతకుముందు మనమే పెట్టుకోవాలి. గో భాష మరీ గడుసుది: రెస్పాన్స్ బాడీని చివరిదాకా చదివి క్లోజ్ చేయకపోతే, ఎర్రర్ ఏమీ చూపించకుండా తర్వాతి కాల్‌కి కొత్త కనెక్షన్ తెరుస్తుంది. అనుమానం ఉంటే టెస్టు నడుస్తుండగా టైమ్-వెయిట్‌లో ఉన్న సాకెట్లు (మూసేశాక ఇంకా కాసేపు మిగిలి ఉండే కనెక్షన్లు) లెక్కపెట్టండి. వేలల్లో ఉంటే ఆ టెస్టు చెత్తబుట్టకే.

మరి ప్రోటోబఫ్‌తో లాభం లేదా అంటే, ఉంది. created_at అనే పేరుతో 1700000000 అన్న టైమ్‌స్టాంప్ పంపితే జేసన్‌లో కోట్లు, కోలన్‌తో కలిపి 23 బైట్లు, ప్రోటోబఫ్‌లో 6. కానీ మీ రెస్పాన్స్ మొత్తం ఎలాగూ ఒకే ప్యాకెట్‌లో పట్టేస్తుంటే నెట్‌వర్క్ మీద ఆ పొదుపు కంటికి ఆనదు. వేల రికార్డుల లిస్టు పంపేటప్పుడు, లేదా పార్సింగ్‌కే సీపీయూ అరిగిపోతున్నప్పుడు బాగా తెలుస్తుంది. నేనైతే చిన్న సర్వీసుకి జేసన్‌తోనే సరిపెడతాను, లాగ్‌లో కంటితో చదువుకోవచ్చు.

వెబ్‌సాకెట్ (రెండు వైపులా ఎప్పుడైనా కబురు పంపుకోగలిగే తెరిచి ఉన్న కనెక్షన్) గురించి అడిగారు: సర్వర్ తనంతట తాను కబురు పంపాల్సి ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

ఇక అభ్యాసం. రెస్ట్, జీఆర్‌పీసీ; కొత్త కనెక్షన్, పాత కనెక్షన్; డిలే లేకుండా, డిలేతో. మొత్తం ఎనిమిది టెస్టులు, అన్నింట్లోనూ టీఎల్ఎస్ ఉండాలి. జీఆర్‌పీసీకి "కొత్త" అంటే ప్రతి కాల్‌కీ కొత్త చానెల్. ఒక్కో టెస్టుకి 1,000 కాల్స్, మొదటి 50 వార్మప్ కింద తీసేయండి, సగటు నాకొద్దు, పీ50 (సగం కాల్స్ ఇంతలోపే అయిపోయిన సమయం), పీ99 (నూటికి 99 ఇంతలోపే అయిపోయిన సమయం) పంపండి. డిలేకి లినక్స్‌లో నెటెమ్ అనే, నెట్‌వర్క్‌ని కావాలని ఆలస్యం చేసే సాధనం ఉంది: లూప్‌బ్యాక్ (మెషీన్ తనతో తానే మాట్లాడుకునే నెట్‌వర్క్) మీద 10 మిల్లీసెకన్లు పెడితే పింగ్‌లో (వెళ్లి వచ్చే సమయం కొలిచే కమాండ్) 20 కనిపిస్తుంది, వెళ్లేటప్పుడొకసారి వచ్చేటప్పుడొకసారి పడుతుంది కాబట్టి, కంగారు పడకండి. పని అయ్యాక దాన్ని తీసేయండి. నేనొకసారి మర్చిపోయి, మర్నాడు పూటంతా డేటాబేస్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను.