టీకా కార్డు పోయినా రుజువు ఇలా చూపించాను (నా అనుభవం)

రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగానికి చేరేముందు హెపటైటిస్ బి టీకాకు రుజువు అడిగారు. డోసులన్నీ చిన్నప్పుడే పడ్డాయి, కానీ కార్డు లేదు. టీకా వేసిన క్లినిక్ ఎప్పుడో మూతపడింది. "అయితే మీ మెడికల్ ఫైలు మొత్తం పంపండి" అన్నారు. నేను ఒప్పుకోలేదు. రోజూ రక్తం నమూనాలు ముట్టుకునేవాళ్లకు ఈ టీకా ఉండాలనడం సబబే. కానీ నా మిగతా జబ్బులు, వాడే మందులు వాళ్లకెందుకు?

డాక్టరుగారు యాంటీ-హెచ్‌బీఎస్ పరీక్ష రాశారు. హెపటైటిస్ బి నుంచి కాపాడే యాంటీబాడీలు రక్తంలో ఎంత ఉన్నాయో చూసే పరీక్ష అది. మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు, అంతకు పైన ఉంటే రక్షణ ఉన్నట్టు లెక్క. నాకు తక్కువ వచ్చింది. కంగారు పడక్కర్లేదట: ఏళ్లు గడిచాక యాంటీబాడీలు తగ్గినా ఒంటికి ఆ జ్ఞాపకం ఉంటుంది. టీకా ఇంకొక డోసు వేసుకుని, 1-2 నెలల మధ్య మళ్లీ పరీక్ష చేయించాలి. చేయించాను, 10 దాటి బాగా పైకి వచ్చింది.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. ల్యాబ్‌ల హెపటైటిస్ పరీక్షల ప్యాకేజీలో యాంటీ-హెచ్‌బీసీ అనే మరో యాంటీబాడీ పరీక్ష కూడా కలిపి ఉండొచ్చు. ఆ యాంటీబాడీ టీకా వల్ల రాదు, వైరస్ ఎప్పుడైనా సోకిందా అన్నది చెబుతుంది. ఆ సమాచారం మీది, మీ డాక్టరుది. అందుకే ఉద్యోగమిచ్చే ల్యాబ్ ఆఫీసుకు రిపోర్టు ఇవ్వలేదు. "హెపటైటిస్ బి నుంచి రక్షణ ఉంది" అని తేదీతో డాక్టరుగారు రాసిన లేఖ ఇచ్చాను. తీసుకున్నారు.